ఎక్కినవారు, దిగినవారు

తలలు లెక్కపెట్టడం మా తాత ఉద్యోగం.
గోపాల్‌పూర్ రేవులో, స్టీమరు కంపెనీ ఏజెంటు కింద,
నెలకి పద్దెనిమిది రూపాయలు, ఏడాదికో గొడుగు.
పుస్తకానికి రెండే గళ్లు:
ఎక్కినవారు. దిగినవారు.
ఆయన బతికిందంతా మార్జిన్లోనే.

బహుధాన్య, చైత్రం.
ఎక్కినవారు రెండువందల పన్నెండు,
రంగూను బియ్యం మిల్లులకి.
పక్కన పెన్సిలుతో:
"ఆస్ట్రియాని జర్మనీ కలిపేసుకుందట.
పేపరు నెల పాతది. ఎండు కవళ్లు చుట్టి ఇచ్చారు,
దేశం పేరు మీద పొలుసు అంటుకుంది."
ఆ కిందనే: "వేపపువ్వు ఆలస్యం. పచ్చడికి చేదు చాలలేదు."

ఒక్క మేకైనా లేని పడవలవి,
పలకకి పలక కొబ్బరితాడుతో కుట్టినవి.
మేకు కొడితే కెరటం విరిచేస్తాది,
కుడితే వంగి ఊరుకుంటాది, అనేవాడు
తండేలు సూరాడ గడ్డెయ్య.
రెండు కెరటాలు పోనిచ్చి మూడోదాని వీపెక్కించేవాడు
మనుషుల్నీ, ట్రంకుపెట్టెల్నీ, ఒకసారి దొరసాని పియానోనీ.
పియానో తడిసింది. కూలి కోసేశారు.

జ్యేష్ఠం.
జిల్లా ఒరిస్సాలో కలిసి రెండేళ్లు దాటింది,
బళ్లో మా నాన్న కొత్త లిపి దిద్దుతున్నాడు.
"మన అక్షరానికి తలకట్టు, వాళ్ల అక్షరానికి గొడుగు.
పలక మాత్రం వానకి తడుస్తూనే ఉంది."
గడ్డెయ్యకి ఏ లిపీ రాదు.
మదరాసు కాగితం మీద వేసిన వేలిముద్రే
కటకం కాగితం మీదా వేశాడు.

శ్రావణం. ఇక్కడ గీతలు వంకరపోయాయి.
రంగూన్లో అల్లర్లు, కత్తులు, తగలబడ్డ వీధులు.
దిగినవారు మూడువందల నలభై.
దిగినవారు మూడువందల తొంభై ఒకటి.
ఒకడు కుట్టుమిషను తల ఒక్కటే మోసుకొచ్చాడు,
కాళ్లు అక్కడే వదిలేసి.
ఒక పిల్ల ఎవరేమడిగినా
బర్మా మాటలోనే జవాబు చెప్పింది.

మైలపల్లి దానమ్మ ప్రతి ఓడకీ వచ్చేది,
బేరం సగంలో వదిలేసి, తల మీద గంపతోనే.
"ఏటి గుమస్తాబాబూ,
మా వోడి తలకాయ నీ లెక్కల తగిల్నాదా?"
పుస్తకంలో పేర్లుండవు, అంకెలే.
ఆ సంగతి తాతకి తెలుసు.
అయినా పేజీలు తిరగేసేవాడట, వేలు తడి చేసుకుని,
నెమ్మదిగా.

ఆశ్వయుజం.
గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఎవరో
సీమలో విమానం దిగి కాగితం ఊపాడట. యుద్ధం రాదట.
ఏజెంటు ఆఫీసందరికీ గోళీసోడా పోయించాడు.
"మన గొడుగుకి మూడు పుల్లలు విరిగాయి.
బాగుచేయింపు రెండణాలు. కంపెనీ ఇవ్వదు."
ఆ రోజే కవళ్లు వల చిరిగేలా పడ్డాయి.
ఉప్పు చాలక సగం ఇసకలో పారబోశారు.

మార్గశిరం. బరంపురం బజార్లో
కళ్లు మూసి తెరిచే జపాను బొమ్మ, మూడణాలు.
చైనా మీద బాంబులేస్తున్నది వీళ్లేనా అనడిగితే
షావుకారు బొమ్మని తిరగేసి చూసి
"సరుకు గట్టిదే" అన్నాడు.
మా మేనత్త దానికి సముద్రస్నానం చేయించింది.
తర్వాత అది కళ్లు మూయలేదు.

మాఘంలో ఒక పేజీ ఉంది.
దిగినవారు యాభై ఏడు.
ఏడు కొట్టేసి, పైన ఎనిమిది.
పుస్తకమంతా వెతికాను, ఇంకెక్కడా దిద్దుబాటు లేదు.
పక్కన మార్జిను ఖాళీ.
దానమ్మ మాట కూడా ఆ తర్వాత లేదు.
నాన్ననడిగితే, అప్పటికి నాకు తొమ్మిదేళ్లు,
బొంగరం గుర్తుంది, అన్నాడు.

ఫాల్గుణం, చివరి పేజీ.
"వచ్చే ఏడు పేరు ప్రమాథి.
చిలికేవాడని అర్థం చెప్పారు పంతులుగారు.
గడ్డెయ్య నవ్వి, 'సముద్దరానికి అది కొత్తా బాబూ' అన్నాడు.
రెండో పడవకి కుట్లు వదులయ్యాయి.
తాడు తెప్పించాలి."